పొలంలో కాలికి పార తగిలింది: స్పిరిటా, డెట్టాలా, పసుపా? ముందు ఏం చేయాలి?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. అమలాపురం దగ్గర మీ అత్తవారి ఊళ్లో, సార్వా ఊడ్పుల ముందు గట్టు చెక్కుతుంటే మీ మావయ్యగారి పాదం మీద పార పడింది. పక్కనున్న బోదెలో, అంటే పొలానికి నీళ్లొచ్చే చిన్న కాలువలో, కాలు కడుక్కుని, తువ్వాలు చుట్టుకుని ఇంటికొచ్చారు. అత్తయ్యగారు కాఫీ పొడి, పసుపు కలిపి అద్ది కట్టు కట్టారు. ఇవాళ మీ మరిది మందుల షాపు నుంచి స్పిరిటు, హైడ్రోజన్ పెరాక్సైడు, డెట్టాలు మూడూ తెచ్చారు. వీటిలో ఏది పోస్తే క్రిములు చస్తాయని అడుగుతున్నారు. ఆయనకు అరవై దాటాయి, షుగర్ ఉంది, టీటీ (ధనుర్వాతం టీకా) ఎప్పుడు వేయించుకున్నారో ఎవరికీ గుర్తులేదు.

ముందుగా ఆయన్ని ఈ పూటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అంటే పీహెచ్‌సీకి తీసుకెళ్లే ఏర్పాటు చేయండి. దెబ్బ చిన్నదే అయ్యుండొచ్చు. కానీ షుగర్ ఉన్న మనిషి పాదం, పొలం మట్టి, ఎప్పుడు వేశారో తెలియని టీటీ, ఈ మూడూ ఒకచోట చేరాయి. ఇలాంటి దెబ్బని ఇంట్లో చూసుకుందాంలే అనకూడదు. మిగతాది ఆటోలో కూర్చుని చదువుకోండి.

ఇక మీ ప్రశ్నకు జవాబు. ఆ మూడు సీసాల్లో ఏదీ మొదటి మందు కాదు. మొదటి మందు మంచినీళ్లు, రెండోది సబ్బు. కోనసీమలో పీహెచ్‌సీ డ్రెస్సింగు గదిలో ఏళ్ల తరబడి పనిచేశాను. బాగా కడిగిన గాయం మీద ఏ మందూ రాయకపోయినా అది మానిపోవడం, కడగని గాయం మీద ఎంత ఖరీదైన మందు రాసినా చీము పట్టడం నా చేతుల మీదుగానే చూశాను. అందుకే ఎవరు అడిగినా ఈ సంగతి గట్టిగా చెబుతాను.

మన మట్టి సంగతి చూడండి. దమ్ము చేసిన చేలో పశువుల పేడ ఉంటుంది, బాతుల మందలు తిరిగిన రెట్ట ఉంటుంది, గట్టు బొరియల్లో ఎలుకల మూత్రం ఉంటుంది. ధనుర్వాతం తెచ్చే క్రిమి గింజల్లాంటి రూపంలో మట్టిలో, పేడలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. దానికి గాలి గిట్టదు. లోతుగా, ఇరుకుగా, మట్టి కూరుకుపోయిన గాయం దానికి అనువైన చోటు. తుప్పు పట్టిన ఇనుము గుచ్చుకుంటేనే ధనుర్వాతం వస్తుందని చాలామంది నమ్మకం. తుప్పుకి ఆ గుణం లేదు. ఆ ఇనుముకి అంటిన మట్టితోనే ప్రమాదం. తళతళలాడే కొత్త పారకైనా అదే మట్టి అంటుతుంది కదా.

ఇది మన దగ్గరే కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు, బెల్జియం పొలాల్లో సైనికులకు తగిలిన గాయాలు విపరీతంగా కుళ్లేవి. అవి తరతరాలుగా పశువుల ఎరువు వేసిన భూములు. అక్కడ బూలోన్ ఆసుపత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పనిచేశాడు. 1928లో పెన్సిలిన్ కనిపెట్టింది ఆయనే. ఘాటైన మందులు గాయం సందుల్లోకి చేరవని, పైగా క్రిములతో పోరాడే మన తెల్లరక్తకణాలనే ముందు చంపేస్తాయని ఆయన అప్పుడే ప్రయోగాలు చేసి చూపించాడు. వందేళ్లు దాటినా మన ఇళ్లలో ఇంకా దెబ్బ మంటెక్కితేనే మందు పనిచేసిందని అనుకుంటున్నాం.

ఇక బోదె నీళ్లు. మనకు చుట్టూ నీళ్లే. ధవళేశ్వరం నుంచి కాలువ, కాలువ నుంచి పంట కాలువ, దాన్నుంచి బోదె. పొలంలో దెబ్బ తగిలినవాడు చేసే మొదటి పని ఆ బోదెలో కాలు పెట్టడం. దారిలో ఎన్ని ఊళ్ల గేదెలు మునిగాయో, ఎన్ని డ్రైన్లు కలిశాయో ఆ నీళ్లకి లెక్క లేదు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మడుగుల్లో నిలిచిన నీళ్లు మరీ పాడు. అంచేత పొలానికెళ్లే మనిషి చేతిలో తాగే నీళ్లు కాక మరో రెండు లీటర్ల మంచినీళ్ల సీసా, ఒక చిన్న సబ్బు ముక్క, ఉతికి ఆరబెట్టిన గుడ్డ ఒకటి కవర్లో చుట్టి ఉండాలి. మీ మావయ్యగారి సైకిలుకో బండికో ఆ సంచి ఎప్పుడూ తగిలించి ఉంచండి.

ఏ నీళ్లు వాడాలి అంటే, మీరు ఏవి తాగుతారో అవే. కుళాయి నీళ్లు తాగడానికి పనికొచ్చేవైతే గాయం కడగడానికీ పనికొస్తాయి. సెలైన్‌తో కడిగినా మంచినీళ్లతో కడిగినా చీము పట్టడంలో పెద్ద తేడా లేదని పరిశోధనల్లోనూ తేలింది. ఉప్పు తగిలే బోరు నీళ్లున్న ఊళ్లలో, వరదల్లో లంకలు మునిగి బావులు పాడైనప్పుడు, తెర్లేలా కాచి చల్లార్చిన నీళ్లు వాడండి. బొండం నీళ్లతో కడగొచ్చా అని మన వైపు అడుగుతుంటారు. అది తీపి నీరు, గాయానికి అవసరం లేదు. తాగించండి, మంచిదే.

కడిగే పద్ధతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ముందు మీ చేతులు మోచేతి దాకా సబ్బుతో కడుక్కోండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ మడత పెట్టి గాయం మీద గట్టిగా నొక్కి పట్టుకోండి, కాలు పైకెత్తి. గడియారం చూసి పది నిమిషాలు. మధ్యలో ఆగిందా అని గుడ్డ ఎత్తి చూడకూడదు. ఎత్తితే అప్పుడే కట్టిన గడ్డ ఊడిపోయి మళ్లీ మొదలవుతుంది. చిన్న దెబ్బల్లో రక్తం ఆగేది ఈ నొక్కుడుకే, పైన అద్దే పొడికి కాదు.

ఆ తర్వాత మనిషిని ఎత్తయిన అరుగు మీద కూర్చోబెట్టి, పాదం కింద బేసిన్ పెట్టండి. కాలు బేసిన్లో ముంచకండి, ముంచితే దిగిన మురికే మళ్లీ గాయంలోకి వెళుతుంది. నీళ్లు పైనుంచి ధారగా పడి కిందికి జారిపోవాలి. నీళ్ల సీసా మూతకి సూదితో నాలుగైదు చిల్లులు పెట్టి, సీసాని నొక్కితే సన్నని ధార బలంగా వస్తుంది. చెంబుతో మెల్లగా పోసిన దానికంటే అది మేలు. చర్మం రెక్కలా లేచి ఉంటే, దాని కిందికి ధార వెళ్లేలా కాలు వంచి పట్టుకోండి. మొదట ఎర్రగా, తర్వాత బురద రంగులో, ఆ తర్వాత తేటగా నీళ్లు దిగుతాయి. తేటపడ్డాయి కదా అని ఆపకండి, అక్కణ్ణుంచి ఇంకో లీటరు పోయండి. మొత్తం మీద ఐదు నిమిషాలు ధార పడాలి. సబ్బు నురుగు గాయం చుట్టూ చర్మానికి పట్టించి రుద్దండి. పొరపాటున లోపలికి కాస్త వెళ్లినా భయం లేదు, నీళ్లతో పోతుంది. అప్పటికీ ఇసుక రేణువు, గడ్డిపరక అతుక్కుని కనిపిస్తే, చిన్న పటకారుని నీళ్లలో మరిగించి దాంతో తీయండి. తేలిగ్గా రాకపోతే లోపల కెలకవద్దు, ఆ పని ఆసుపత్రిలో చేస్తారు. లోతుగా దిగిన మేకు, కర్ర ముక్క వంటివైతే అసలు లాగకూడదు. కదలకుండా చుట్టూ గుడ్డ పేర్చి అలాగే తీసుకెళ్లాలి.

మీ మరిది తెచ్చిన సీసాల గురించి ఇప్పుడు చెబుతాను. స్పిరిటు ఇంజెక్షన్ ముందు మామూలు చర్మం తుడవడానికి. తెగిన మాంసం మీద పోస్తే ప్రాణం పోయినంత మంట, పైగా కొత్తగా చర్మం అల్లుకోవలసిన కణాలు చచ్చిపోతాయి. హైడ్రోజన్ పెరాక్సైడు పోయగానే తెల్లగా బుసబుసా పొంగుతుంది, చూసినవాళ్లకి క్రిములన్నీ చస్తున్నట్టే అనిపిస్తుంది. నిజానికి మన రక్తంలో, కణాల్లో ఉండే ఒక ఎంజైము తగిలితేనే ఆ నురుగు వస్తుంది. క్రిములు ఒక్కటి లేకపోయినా పొంగుతుంది. రోజూ వాడితే గాయం మానడం ఆలస్యమవుతుంది. దాన్ని తిరిగి ఇచ్చేయమనండి. డెట్టాలు నేరుగా గాయం మీద పోస్తే చర్మం కాలిపోతుంది. అలా కాలిన పాదాలకు చాలాసార్లు కట్టు కట్టాను. వాడాలనుకుంటే సీసా మీద రాసినన్ని నీళ్లు కొలిచి కలిపి, చుట్టూ చర్మం తుడవడానికి వాడండి. సావ్లాన్‌కీ ఇదే మాట.

పెద్దవాళ్లకి గుర్తుండే టించరు కూడా స్పిరిటులో కలిపిన అయోడినే, అందుకే అంత మంట. ఎర్రమందులో పాదరసం ఉంటుంది, పాత సీసా ఎక్కడైనా అటక మీద ఉంటే వాడకండి.

ఇంట్లో ఒకటి ఉంచుకోవాలంటే పొవిడోన్ అయోడిన్ ఉంచుకోండి. బెటాడిన్ పేరుతో దొరికేది అదే. మంట తక్కువ. కానీ అది కూడా కడిగిన తర్వాతే. రక్తం, చీము, మట్టి తగిలితే అయోడిన్ బలం వాటి మీదే ఖర్చయిపోతుంది, క్రిములకి మిగలదు. కడగకుండా బెటాడిన్ రాయడం బురద కాలికి పారాణి పెట్టడమే. పలచగా ఒకసారి రాసి, రెండు మూడు నిమిషాలు ఆరనివ్వండి. థైరాయిడ్ ఉన్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లల విషయంలో డాక్టర్ని అడక్కుండా పెద్ద గాయాలకు వాడొద్దు. పౌడర్లు నాకు ఇష్టం లేదు. నెబాసల్ఫ్ లాంటిది చల్లితే పైన గట్టి పెచ్చు కడుతుంది, దాని కింద చీము చేరుతున్నా కనపడదు.

అత్తయ్యగారి కాఫీ పొడి, పసుపు విషయం. ఆవిడ మీద కోప్పడకండమ్మా, ఆవిడకి తెలిసిన ప్రేమ అది. పసుపులో మంచి గుణం ఉందన్న మాట అబద్ధం కాదు. కానీ పోపుల డబ్బాలో తడి చెంచాలు తగిలిన పసుపు, రంగు కలిపారో లేదో తెలియని పసుపు, తెరిచిన గాయంలో పెట్టే వస్తువు కాదు. కాఫీ పొడి గుండ గాయంలో ఇరుక్కుని మళ్లీ మురికే అవుతుంది. సున్నం, కిరసనాయిలు, బూడిద, బీడీ పొగాకు, సాలెగూడు, టూత్‌పేస్టు ఇవేవీ వద్దు. గడ్డి చామంతి ఆకు నలిపి పసరు పిండడం మన పొలాల్లో మామూలే. గట్టు మీద ఉన్న ఆకుని అదే మట్టి చేతులతో నలుపుతారు కాబట్టి అది కూడా వద్దనే చెబుతాను. పేడ మాత్రం ఎవరు చెప్పినా ముట్టనివ్వకండి. ఒకప్పుడు పసిబిడ్డల బొడ్డుకి పేడ రాసి ఎందరు తల్లులు బిడ్డల్ని పోగొట్టుకున్నారో! గర్భిణులకు టీకాలు, శుభ్రమైన కాన్పుల వల్ల 2015లో మన దేశం పురిటి ధనుర్వాతాన్ని దాదాపు రూపుమాపిన దేశంగా గుర్తింపు పొందింది.

ఇప్పుడు ఆయన గాయం మీద అట్టకట్టిన పొడిని గోటితో గీకకండి. ఆసుపత్రికి బయల్దేరడం ఆలస్యమయ్యేలా ఉంటే, కాచి చల్లార్చిన అరలీటరు నీళ్లలో ఒక టీస్పూను ఉప్పు కలిపి, అందులో తడిపిన శుభ్రమైన గుడ్డని పది పదిహేను నిమిషాలు దాని మీద వేసి ఉంచండి. నాని మెత్తబడుతుంది. అప్పుడు ధారతో కడిగితే నొప్పి లేకుండా పోతుంది. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, అది కూడా మీ మోచేయి పెట్టి చూడండి. షుగర్ ఉన్నవాళ్ల పాదానికి వేడి తెలియకపోవచ్చు, కాలిపోయినా చెప్పలేరు.

కట్టు విషయంలో రెండే మాటలు. దూది నేరుగా గాయానికి తగలకూడదు, పోగులు అతుక్కుంటాయి. గాజుగుడ్డ వాడాలి. గాలికి వదిలేస్తే త్వరగా ఆరుతుందని అంటారు గానీ, పైన ఎండి పొక్కు కట్టిన గాయం కంటే కాస్త తేమగా, కప్పి ఉంచిన గాయం త్వరగా మానుతుందని 1962లోనే జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల చర్మం మీద నిరూపించాడు. శుభ్రమైన చిన్న గీతకి పలచగా వ్యాజిలిన్ రాసి గాజుగుడ్డ పెట్టినా సరిపోతుంది. రోజుకోసారి మార్చాలి, తడిసినా మట్టి అంటినా వెంటనే మార్చాలి. వేళ్లు చల్లబడేంత, తిమ్మిరెక్కేంత బిగించకూడదు.

ఇంజెక్షన్ గురించి. ఇప్పుడు టీటీ బదులు టీడీ ఇస్తున్నారు, అందులో ధనుర్వాతంతో పాటు కంఠసర్పికి కూడా టీకా ఉంటుంది. దెబ్బ తగిలిన ప్రతిసారీ, ఆర్నెల్లకోసారి వేయించుకోవాలన్నది తప్పు. మూడు డోసులు పూర్తయిన మనిషికి శుభ్రమైన చిన్న గాయమైతే చివరి డోసు వేసి పదేళ్లు దాటితే, మట్టి గాయమైతే ఐదేళ్లు దాటితే ఒకటి వేస్తారు. మీ మావయ్యగారి వయసు వాళ్లకి చిన్నప్పుడు టీకాలు పడ్డాయో లేదో ఎవరికీ తెలియదు. అలాంటివాళ్లకి మట్టి గాయమైతే టీడీతో పాటు, అప్పటికప్పుడు రక్షణ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా అవసరమవుతుంది, డాక్టరుగారిని మీరే అడగండి. తర్వాత నెలకి రెండో డోసు, ఆర్నెల్ల నుంచి ఏడాది లోపు మూడోది. ఒకటి వేయించి ఊరుకునేవాళ్లే ఎక్కువ, మీరు తేదీలు క్యాలెండరు మీద రాసిపెట్టండి. ఇరవై నాలుగు గంటలు దాటితే ఇక లాభం లేదన్న మాట నమ్మకండి. ఎంత త్వరగా అయితే అంత మంచిది, ఆలస్యమైనా వేయించాలి.

ఆయన గాయం నిన్నటిది కాబట్టి డాక్టరుగారు కుట్లు వేయకుండా వదిలేయొచ్చు. అది నిర్లక్ష్యం కాదమ్మా. మురికి గాయాన్ని ఆలస్యంగా కుట్టి మూసేస్తే చీము లోపలే పెరుగుతుంది. అంచులు ఎడంగా ఉన్న కోత ఇంకెప్పుడైనా తగిలితే ఆరు గంటల లోపే వెళ్లండి.

మన జిల్లాల్లో బోదకాలు ఉన్నవాళ్లు ఎక్కువ. వాళ్ల కాలి మీద చిన్న గీత పడినా, వేళ్ల సందుల్లో ఒరిసినా చాలు, రాత్రికి చలి, జ్వరం, కాలు ఎర్రగా వాపు వస్తాయి. అలా వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకొంచెం లావవుతుంది. వాళ్లు దెబ్బ తగిలినా తగలకపోయినా రోజూ కాలు సబ్బుతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి. మీ ఇంట్లో, వీధిలో అలాంటివాళ్లుంటే ఈ ఒక్కటీ చెప్పండి.

చెరువుల దగ్గర పనిచేసేవాళ్లకి ఇంకో సంగతి. జెల్ల ముల్లు, ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే నొప్పి నషాళానికి అంటుతుంది. ఆ విషం వేడికి విరుగుతుంది. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంట నుంచి గంటన్నర దాకా చెయ్యి ఉంచితే నొప్పి దిగుతుంది. బాగున్న చేతితో ముందు చూసుకోవాలి, కాలకూడదు. తర్వాత మామూలుగా కడగాలి. రొయ్యల చెరువుల ఉప్పు నీళ్లలో ఒక క్రిమి ఉంటుంది, లివరు పాడైనవాళ్లకి, తాగుడు అలవాటున్నవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి అది ఒక్క రోజులోనే కాలంతా నల్లటి పొక్కులు తెప్పించగలదు. రొయ్య కొమ్ము గుచ్చుకున్న చోట గంటగంటకీ వాపు పెరుగుతుంటే తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి. కుక్క కరిచినా గీరినా పావుగంట సేపు సబ్బు, ధార నీళ్లతో కడిగి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టాలి. చేలో ఏదో గుచ్చుకుంది, ముల్లో పామో తెలియలేదంటే పామనే అనుకుని కాలు కదపకుండా 108కి ఫోన్ చేయండి. ఆ చోట కోయడం, పిండడం, తాడు బిగించడం ఏవీ చేయకండి.

ఇంటికొచ్చాక మావయ్యగారి పాదాన్ని రోజూ మీరే చూడండి. నొప్పి లేదంటే బాగుందని కాదు, షుగర్ వల్ల తెలియకపోవచ్చు. మొదటి రోజే ఎర్రదనం అంచు చుట్టూ పెన్నుతో గీత గీయండి. మర్నాటికి ఎరుపు ఆ గీత దాటినా, సలుపు ఎక్కువైనా, చీము, వాసన వచ్చినా, కాలి మీదుగా ఎర్రటి చార పైకి పాకినా, గజ్జలో బిళ్ల కట్టినా, చలి జ్వరం వచ్చినా ఆలస్యం చేయకండి. దవడలు బిగుసుకున్నట్టు, నోరు పూర్తిగా తెరవలేనట్టు అనిపిస్తే నేరుగా పెద్దాసుపత్రికే. అది గాయం మానిపోయాక కూడా రావచ్చు, సాధారణంగా మూడు వారాల లోపు.

ఊడ్పుల పని ఆగదని ఆయన మాట వినరేమో. అయినా చర్మం పూర్తిగా కలిసేదాకా ఆ కాలు చేలో నీళ్లలో పెట్టనివ్వకండి. కట్టు మీద ప్లాస్టిక్ కవరు చుట్టుకుని దిగుతానంటారు, అది బురదలో నిలవదు. మనిషిని పెట్టి చేయించండి, గట్టు మీద కుర్చీ వేసుకుని చూసుకోమనండి. ఇప్పటికే బోదె నీళ్లు గాయానికి తగిలాయి కాబట్టి, ఈ నెల రోజుల్లో జ్వరంతో పాటు పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడడం, పచ్చబడడం ఏది కనిపించినా అది ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. ఏ డాక్టరు దగ్గరకెళ్లినా కాలికి దెబ్బతో చేలో నీళ్లలో దిగారన్న సంగతి మొదటి మాటగా చెప్పండి.